టమాటా, మిరప నారు మూడోసారి పోయింది. తప్పెక్కడ చేస్తున్నాను?

ఐదో అంతస్తు · జూన్ 12, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. హైదరాబాద్, మియాపూర్ వైపు ఉంటాం. అసోసియేషన్ వాళ్ళని ఆరు నెలలు బతిమాలితే టెర్రస్ మీద ట్యాంకు పక్కన ఓ మూల ఇచ్చారు. పద్నాలుగు గ్రో బ్యాగులు పెట్టాను. తోటకూర, పాలకూర, మెంతికూర పక్క ఫ్లాట్ల వాళ్ళకి ఇచ్చేంత వస్తున్నాయి. టమాటా, మిరప దగ్గరకొచ్చేసరికి మాత్రం నా చెయ్యి మంచిది కాదేమో అనిపిస్తోంది.

మొదటిసారి ఏప్రిల్లో పెద్ద బ్యాగులోనే నేరుగా టమాటా గింజలు వేశాను. మొలిచాయి, వారంలో మాడిపోయాయి. ఎండలే అనుకుని ఊరుకున్నాను. రెండోసారి మే నెలలో ప్రోట్రే (చిన్న గళ్ళుండే నారు ట్రే) కొని, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపి, వంటింటి కిటికీ దగ్గర పెట్టి, తేమ పోకుండా పైన ప్లాస్టిక్ కవరు కప్పాను. ఆరో రోజుకు మొలకలు పచ్చగా లేచాయి. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాను. పదో రోజు పొద్దున చూస్తే ఎవరో వేలితో నొక్కేసినట్టు సగం పడిపోయి ఉన్నాయి. మిగతావి ఇంకో రెండు రోజుల్లో అదే దారి.

ఈ తిప్పలన్నీ ఎందుకని పోయిన ఆదివారం నర్సరీలో పన్నెండు టమాటా, పది మిరప మొక్కలు కొన్నాను. ఇంటికొచ్చి పదకొండింటికి నాటాను. సాయంత్రానికే తలలు వేలాడేశాయి. ఐదు పోయాయి. మిగతావి లేచాయి కదా అని సంతోషపడితే ఈరోజు పొద్దున ఇంకో రెండు వాడాయి. నీళ్ళు పోస్తూనే ఉన్నాను. అదే ట్రేలో మిగిలిన గళ్ళలో వేసిన బెండ మొక్కల్ని కూడా బ్యాగులోకి మార్చాను. అవి చావలేదు, పెరగలేదు, బొమ్మల్లా నిలబడ్డాయి.

మా ఆయన రైతుబజార్లో టమాటా కిలో ఎంతో రోజూ నాకు వినబడేలా చెబుతున్నారు. దయచేసి ఎవరైనా దారి చూపించండి.

పెరటి చిక్కుడు · జూన్ 12, రాత్రి 10:40

చెయ్యి మంచిదీ చెడ్డదీ అని ఏమీ ఉండదండీ. నేను మొదటి ఏడాది వంగ నారు నాలుగుసార్లు పోశాను. నాలుగోసారి మా అత్తగారు పోశారు, అదొక్కటే నిలిచింది. ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

ట్రేలో పడిపోయిన మొలకల మొదలు ఎలా ఉంది? మట్టికి ఆనే చోట సన్నగా, దారం కట్టి బిగించినట్టు నొక్కుకుపోయి ఉందా?

తోటబడి · జూన్ 12, రాత్రి 11:05

హార్టికల్చర్ చదువుకుని అదే ఉద్యోగం చేస్తున్నాను. మీరు మూడుసార్లు పోయిందని ఒక్క సమస్యలా రాశారు గానీ, చదువుతుంటే నాలుగు వేర్వేరు కారణాలు కనిపిస్తున్నాయి. చెప్పేముందు కొన్ని అడగాలి. కవరు మొలక వచ్చాక ఎన్ని రోజులు ఉంచారు? ఒక్కో గడిలో ఎన్ని గింజలు వేశారు? నీళ్ళు దేనితో, ఏ వేళప్పుడు పోసేవారు? బ్యాగుల్లో మట్టి ఏమేం కలిపారు?

ఐదో అంతస్తు · జూన్ 13, ఉదయం 7:20

@పెరటి చిక్కుడు గారూ, అచ్చం మీరు చెప్పినట్టే ఉంది. మొదలు దగ్గర గోధుమ రంగులో నొక్కుకుపోయింది, పైన ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి.

@తోటబడి గారూ, కవరు తీయలేదండీ, లోపల ఆవిరి పట్టి చక్కగా ఉందనుకున్నాను. గడికి మూడు నాలుగు గింజలు పడ్డాయి, మొలవవేమోనని భయం. నీళ్ళు రాత్రి వంటిల్లు సర్దాక గ్లాసుతో పోసేదాన్ని. బ్యాగుల్లో ఎర్రమట్టి సగం, పశువుల ఎరువు సగం. ఎరువు ట్రాలీలో ఇంటికి తెచ్చి అమ్మేవాళ్ళ దగ్గర కొన్నాను.

తోటబడి · జూన్ 13, ఉదయం 9:45

ట్రేలో వచ్చింది నారుకుళ్ళు. మట్టిలో, కోకోపీట్‌లో, పాత ట్రేల అంచుల్లో పిథియం లాంటి బూజులు ఎప్పుడూ ఉంటాయి. తడి ఆరకుండా, గాలి ఆడకుండా, మొలకలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే అవి లేత కాండాన్ని మట్టి దగ్గరే కొరికేస్తాయి. మీరు ఆ మూడూ అమర్చి పెట్టారు. పడిన మొలక మళ్ళీ లేవదు, దాని మీద మందు వృథా. పక్కన నిలబడ్డవాటిని కాపాడాలంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజుమందు లీటరు నీళ్ళకు 3 గ్రాములు కలిపి మొదళ్ళు తడిసేలా పోయాలి.

ఈసారి ఆ అవసరమే రాకుండా చేసుకోవచ్చు. ట్రేని సబ్బుతో కడిగి ఎండలో పెట్టండి. కోకోపీట్ రెండు పాళ్ళు, వర్మీకంపోస్ట్ ఒక పాలు. దాంట్లో ట్రైకోడెర్మా విరిడి (చెడ్డ బూజుల్ని అణిచే మేలు బూజు) పొడి రెండు చెంచాలు. తడి ఎంత ఉండాలంటే, పిడికెడు తీసి పిండితే ఉండ కట్టాలి, వేళ్ళ మధ్య నుంచి నీళ్ళు కారకూడదు. గడికి ఒకటే గింజ, గింజ లావుకి రెండింతల లోతు. టమాటా, మిరపకైతే అర సెంటీమీటరు చాలు. పైన కవరు కప్పండి, తప్పులేదు. కానీ మొదటి మొలక వంగిన మెడతో కనబడగానే తీసేయండి. అన్నీ వచ్చాక తీద్దాం అని ఆగితే ముందు వచ్చినవి పోతాయి. నీళ్ళు పొద్దునే, సీసా మూతకు సూదితో చిల్లులు పెట్టి చిలకరించండి.

కిటికీ దగ్గర వెలుతురు ఒకవైపు నుంచే వస్తుంది. మొలక అటు సాగి సాగి సన్నబడుతుంది. మొలిచిన రోజు నుంచే పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు పడాలి.

లంక తాత · జూన్ 13, మధ్యాహ్నం 3:30

మాది కోనసీమ లంక గ్రామం. నలభై ఏళ్ళు వంగ, మిరప, టమాటా నారుమళ్ళు పోసినవాణ్ణి. ఇప్పుడు మనవడు ఫోన్‌లో టైపు చేసి పెడుతున్నాడు.

అమ్మా, నువ్వు కప్పిన కవరు స్థానంలో మేము వరిగడ్డి కప్పేవాళ్ళం. మడి జానెడు ఎత్తు చేసి, వేలితో అడ్డంగా గీతలు గీసి, గింజని ఆ గీతల్లో పల్చగా రాల్చి, చివికిన ఎరువు పొడి ఇసుకతో కలిపి పైన చల్లి, ఆ మీద గడ్డి. మొలక తల ఎత్తిందంటే సాయంత్రం చల్లబడ్డాక గడ్డి లాగేయాలి. ఒక్క రోజు ఏమరితే మొలక గడ్డిలోంచి పాకి తెల్లటి దారంలా సాగిపోతుంది. అలాంటి నారు సంతకు తీసుకెళ్తే కొనేవాడు ముట్టుకోడు.

ఇక ఎండలో పదకొండింటికి నాటి సాయంత్రానికి వాడిపోయిందని ఏడిస్తే ఎలాగమ్మా. నారు పీకే వారం ముందు నుంచి నీళ్ళు తగ్గించాలి. మొక్క కొంచెం మొండి పడుతుంది. పీకే రోజు మడిని బాగా తడిపి, మొదలు పట్టుకుని నెమ్మదిగా ఎత్తితే పిల్లవేర్లు తెగకుండా వస్తాయి. నాటు పొద్దు వాలాకే. రాత్రంతా చల్లదనంలో వేరు సర్దుకుంటుంది. పొద్దున లేవగానే అరటి డొప్ప జానెడు ముక్క కోసి గుడిసెలా వంచి పడమటి వైపు గుచ్చేవాళ్ళం. మూడో రోజు తీసేసేవాళ్ళం. మీ మేడ మీద అరటి డొప్ప దొరక్కపోతే పాత అట్టముక్క పెట్టు.

మృగశిర వచ్చింది కాబట్టి ఇంక ఆలోచించకుండా నారు పొయ్యి. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందంటారు.

వరంగల్ మిర్చి · జూన్ 13, సాయంత్రం 6:15

తాతా, మృగశిర క్యాలెండర్‌లో వచ్చింది గానీ మాకు వాన రాలే. మొన్న మా ఇంటి స్లాబు మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే అరికాళ్ళు కాలాయి. మీ లంకలో నేల వేరు, ఇక్కడ సిమెంటు వేరు. నల్ల ప్లాస్టిక్ కుండీ నేరుగా స్లాబు మీద ఉంటే మధ్యాహ్నం మట్టి లోపల వేలు పెట్టి చూడండి, వేడిగా తగులుతుంది. ఏప్రిల్‌లో అక్క నేరుగా వేసిన టమాటాలు పోయింది దీంతోనే. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి గాలి ఆడనిస్తే చాలా తేడా ఉంటది.

ఇంకో మాట. ఇంటికి వానాకాలం మిర్చి అయితే తొందరేం లేదు. మా వైపు జూన్ చివర, జులైలో నారు పోసి ఆగస్టులో నాటుకుంటరు. మిర్చి నారు 40 రోజులు ఉండాలి, టమాటా 25 నుంచి 30, వంకాయ 30 నుంచి 35. నర్సరీలో కొనేటప్పుడు పూత కనబడే మొక్క బలంగా ఉందనుకుని చాలామంది అదే తీసుకుంటరు. చిన్న గడిలో ఇరుక్కుని వయసు మీరింది కాబట్టే పూసింది అది. బెత్తెడు పొడవు, లావు మొదలు, ముదురాకుపచ్చ ఆకు, ట్రే నుంచి తీస్తే వేర్లు తెల్లగా ఉండాలి. అది కొనండి.

లంక తాత · జూన్ 13, రాత్రి 8:02

వాన రాకపోతే మడికి నీళ్ళు కట్టు. కార్తె మనకు రోజు గుర్తుండడానికి. అయినా ఇటుకల మాట బాగుంది.

న్యూజెర్సీ గోంగూర · జూన్ 13, రాత్రి 9:50

మా బాధ ఇంకో రకం. ఇక్కడ మంచు భయం పోయేసరికి మే మధ్య. అందుకని మిరప గింజలు ఫిబ్రవరి చివర్లో బేస్‌మెంట్‌లో లైట్ల కింద వేస్తాం. మొదటి ఏడాది మొక్కలు ఎంత బాగా వచ్చాయంటే ఫ్రెండ్స్ వచ్చి సెల్ఫీలు తీసుకున్నారు. మే 15న అన్నీ ఒకేసారి బయట పెట్టి ఆఫీసుకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆకులు తెల్ల కాగితాల్లా అయిపోయాయి. లైటు కింద పెరిగిన ఆకు అసలు ఎండ ఎరుగదు.

ఇప్పుడు పది రోజులు పడుతుంది నాకు. మొదటి రోజు గంట నీడలో, రెండో రోజు రెండు గంటలు, తర్వాత కొంచెం ఎండ, అలా పెంచుకుంటూ పోతాను. రోజూ ఆఫీసుకు ముందు ట్రేలు బయటకు, వచ్చాక లోపలికి. మా ఆవిడ దీనికి స్కూల్ డ్రాప్, పికప్ అని పేరు పెట్టింది. నర్సరీ నారు కూడా షేడ్ నెట్ కింద పెరిగిందే కదా. కొన్న రోజే టెర్రస్ ఎండలో నాటకుండా మూడు రోజులు మీ బాల్కనీలో ఉంచి చూడండి.

మల్లెతీగ · జూన్ 13, రాత్రి 10:30

మా మల్లె రెండేళ్ళుగా మొగ్గ వేయడం లేదు. ఏం వేయాలి? అర్జెంట్.

నిర్వాహకులు · జూన్ 13, రాత్రి 10:41

మల్లె గురించి కొత్త చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ నారు గురించే మాట్లాడుకుందాం.

ఐదో అంతస్తు · జూన్ 14, ఉదయం 8:10

ఎన్ని తప్పులు చేశానో ఇప్పుడు అర్థమవుతోంది. మరి బెండ ఎందుకు అలా అయింది? అది చల్లటి సాయంత్రమే మార్చాను. ఏది నారు పోసి నాటాలి, ఏది నేరుగా వేయాలి? ప్యాకెట్ మీద ఏమీ రాయడం లేదు.

పెరటి చిక్కుడు · జూన్ 14, ఉదయం 10:25

బెండకు మధ్య వేరు బాణంలా కిందకు దిగుతుంది. చిన్న గడిలో అది అడుగు తాకి వంగిపోతుంది. తర్వాత ఎంత పెద్ద బ్యాగులోకి మార్చినా కోలుకోవడానికి రెండు వారాలు తీసుకుంటుంది. ఈలోగా నేరుగా వేసిన గింజ మొలిచి దాన్ని దాటిపోతుంది. బెండ గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున గుంటకు రెండు చొప్పున గుచ్చండి. రెండూ మొలిస్తే బలహీనమైనదాన్ని పీకకుండా కత్తెరతో కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

చిక్కుడు, గోరుచిక్కుడు, గోంగూర, ఆకుకూరలన్నీ నేరుగానే. ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ అసలు ట్రేలో వేయొద్దు. నేను ఓసారి ముల్లంగి మొలకలు జాగా లేక తీసి వేరే కుండీలో పెట్టాను. కాళ్ళు మడిచి కూర్చున్న మనిషిలా రెండు పాయలుగా వచ్చింది దుంప. మా పిల్లలు దానికి కళ్ళు గీశారు.

నారు పోసి నాటేవి టమాటా, వంగ, మిరప, క్యాప్సికం, క్యాబేజీ, కాలీఫ్లవర్, ఉల్లి. సొర, బీర, కాకర, దోస, పొట్ల మధ్యస్తం. నేరుగా పాదులో వేయడమే మేలు, కాకపోతే మా ఇంట్లో ఉడతలు గింజల్ని బతకనివ్వవు, అందుకని పేపర్ కప్పుల్లో వేస్తాను. రెండు మూడు ఆకులు రాగానే కప్పు అడుగు చింపి మట్టి గడ్డ విడకుండా పాదులోకి దింపేస్తాను. కాకర గింజ పెంకు గట్టిది. మొనవైపు నెయిల్ కట్టర్‌తో కొంచెం తుంచి ఒక రోజు నానబెట్టకపోతే పదిహేను రోజులైనా పలకదు.

కొత్తిమీర ఎందుకు రాదని అందరూ అడుగుతారు. ధనియం ఒక్క గింజ కాదు, రెండు కలిసిన కాయ. అప్పడాల కర్రతో నెమ్మదిగా దొర్లిస్తే రెండు బద్దలవుతుంది, ఆ బద్దల్ని వేయాలి. పొడి కొట్టకండి. వారం, పది రోజులు ఓపిక పట్టాలి. ఈ ఎండల్లో వేస్తే వచ్చినా వెంటనే పూతకు వెళ్ళిపోతుంది, చలికాలమైతే బాగుంటుంది.

తోటకూర గింజలు చల్లగానే చీమలు వరసకట్టి మోసుకెళ్తాయి. గింజల్లో గుప్పెడు బొంబాయి రవ్వ కలిపి చల్లండి. వాటికి రవ్వే ఇష్టం. గింజ గుత్తులుగా పడకుండా పల్చగా పడుతుంది, అది ఇంకో లాభం.

కొత్త కుండీ · జూన్ 14, మధ్యాహ్నం 12:50

మధ్యలో వచ్చాను, క్షమించండి. ఆన్‌లైన్లో కొన్న మిరప గింజలు పది వేస్తే ఆరే మొలిచాయి. మోసమేనా? ఇంట్లో ఎండుమిరపకాయల గింజలే వేసుకుంటే సరిపోదా? ఇంకో భయం, గింజలు గులాబీ రంగులో ఉన్నాయి.

తోటబడి · జూన్ 14, మధ్యాహ్నం 2:15

మోసం కాదు. మన దేశంలో మిరప విత్తనానికి కనీస మొలక శాతం 60. టమాటా, వంగకు 70, బెండకు 65. పదికి ఆరంటే గీత మీద ఉన్నట్టు. ప్యాకెట్ మీద పరీక్ష చేసిన తేదీ, చెల్లుబాటు తేదీ ఉంటాయి, అవి చూసి కొనండి. మిరప ఆలస్యంగా కూడా వస్తుంది. టమాటా ఐదారు రోజుల్లో లేస్తే మిరపకు పది పన్నెండు పట్టొచ్చు. ట్రేని అప్పుడే ఒలకబోయకండి.

గులాబీ రంగు థైరమ్ లాంటి శిలీంద్ర నాశిని పూత. వేశాక చేతులు కడుక్కోండి, పిల్లలకు అందకుండా పెట్టండి, మిగిలిన గింజలు వంటింట్లో ఉంచకండి.

ఎండుమిరప గింజలు మొలుస్తాయి. పది గింజలు తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి ఎన్ని మొలకెత్తాయో చూసుకుని వేయండి. అయితే ఆ కాయ హైబ్రిడ్ మొక్కది అయితే పిల్లమొక్కలు ఒక్కోటి ఒక్కో రకంగా ఉంటాయి. విత్తనం దాచుకోవాలనుకుంటే హైబ్రిడ్ కాని రకాలు తీసుకోవాలి. ఉదాహరణకు బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ వాళ్ళ అర్క అనామిక బెండ. ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులును తట్టుకునేలా తయారుచేసిన రకం, గింజ కట్టుకోవచ్చు. అదే సంస్థ టమాటా అర్క రక్షక్ తెగుళ్ళకు గట్టిదే గానీ హైబ్రిడ్, గింజ దాచి లాభం లేదు.

వరంగల్ మిర్చి · జూన్ 14, మధ్యాహ్నం 2:40

మా అమ్మ చపాటా రకం మిరపకాయలు కొన్ని చెట్టు మీదే పండించి, తొడిమతో సహా గుడ్డలో మూటగట్టి అటక మీద పెడ్తది. ఏ ప్యాకెట్ తెరిచినా ఆ మూటలోవి మొలిచినంత బాగా మొలుస్తలేవు.

ఐదో అంతస్తు · జూన్ 15, ఉదయం 9:30

ఘోరం జరిగింది, మీకు చెప్పాలి.

ఈ పొద్దున ఇంకో మిరప మొక్క వాడింది. ఇది నాటి వారమైంది, కొత్త చిగురు కూడా వేసింది, ఎండకు అట్ట కూడా పెట్టాను. ఇంక ఉండబట్టలేక పట్టుకుని లాగాను. గట్టిగా లాగాల్సి వస్తుందనుకుంటే, దువ్వెనలోకి జుట్టు వచ్చినట్టు ఊరికే చేతిలోకి వచ్చేసింది. వేరు లేదు! మొదలు పెన్సిలు చెక్కినట్టు ఉంది.

బ్యాగును పాత చాప మీద బోర్లించాను. చిటికెన వేలంత లావున తెల్లటి పురుగులు, తల గోధుమ రంగు, తోకవైపు బూడిద రంగు, వంకర తిరిగి పడుకుని ఉన్నాయి. ఒక్క బ్యాగులో పదకొండు లెక్కపెట్టాను. మా అబ్బాయి కేక పెట్టి మెట్ల మీదకు పారిపోయాడు. ఐదు నిమిషాల్లో ఒక కాకి పిట్టగోడ మీద వాలింది, తర్వాత నాలుగు వచ్చాయి. వాటికి ఆదివారం విందు.

నేను వారం నుంచి నీళ్ళు పోస్తున్నది వీటికా?

తోటబడి · జూన్ 15, ఉదయం 10:05

వేరుపురుగు. పెంకుపురుగుల పిల్లదశ. మీ ఎరువుతో పాటు గుడ్లో పిల్లలో వచ్చి ఉంటాయి. సరిగ్గా చివకని పేడ దిబ్బల్లో ఇవి పెరుగుతాయి. వీటిలో కొన్ని రకాలు కుళ్ళే పదార్థాన్నే ఎక్కువ తింటాయి, కొన్ని బతికున్న వేరునే తింటాయి. బ్యాగులాంటి ఇరుకు చోట ఏ రకమైనా లేత వేరును వదలదు. వేరు పోయిన మొక్క పైనుంచి చూస్తే నీళ్ళు చాలని మొక్కలాగే ఉంటుంది, అందుకే అందరూ ఇంకో చెంబు పోస్తారు.

ఆ ఎరువుతో నింపిన బ్యాగులన్నీ బోర్లించండి, వేరే దారి లేదు. మట్టిని టార్పాలిన్ మీద పల్చగా పరిచి మూడు రోజులు ఎండనివ్వండి. మిగిలిన పని కాకులు చూసుకుంటాయి. తిరిగి నింపేటప్పుడు ఎర్రమట్టి రెండు పాళ్ళు, చివికిన ఎరువు ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు, బ్యాగుకు రెండు గుప్పిళ్ళ వేపపిండి. ఎరువును కూడా ముందే సిద్ధం చేసుకోండి. 9 కిలోల చివికిన ఎరువు, కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి, కొంచెం తడి చేసి, నీడలో తడి గోనె కప్పి రెండు వారాలు ఉంచాలి. రైతులకు 90 కిలోలకు చెప్పే లెక్కే ఇది, పదో వంతు చేశాను.

లంక తాత · జూన్ 15, ఉదయం 11:20

పేడను ఆడిపోసుకోకండి. పచ్చిదాన్ని ఎరువని అమ్మినవాణ్ణి అనండి. చివికిన ఎరువు చేతిలోకి తీసుకుంటే టీ పొడిలా రాలుతుంది, వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. వేడి తగిలినా, పేడ వాసన వచ్చినా, గడ్డిపోచ గడ్డిపోచలా కనబడినా ఇంకా మూడు నెలలు ఆగాలి. నువ్వు కొనేటప్పుడు వాసన చూశావా అమ్మా?

ఐదో అంతస్తు · జూన్ 15, ఉదయం 11:32

ముక్కు మూసుకుని డబ్బులిచ్చాను తాతగారూ.

న్యూజెర్సీ గోంగూర · జూన్ 15, సాయంత్రం 5:10

😂 అక్కడే దొరికిపోయారు.

ఐదో అంతస్తు · జూలై 14, రాత్రి 9:15

నెల తర్వాత వస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

పద్నాలుగు బ్యాగుల్లో తొమ్మిదింటిలో పురుగులున్నాయి. మొత్తం బోర్లించి ఎండబెట్టాం. అసోసియేషన్ సెక్రటరీ గారు పైకి వచ్చి ఆ మట్టి చూసి ఏమీ అనకుండా దిగిపోయారు, అదే పెద్ద అదృష్టం. జూన్ 16న మళ్ళీ నారు పోశాను. గడికి ఒకటే గింజ. చెయ్యి వణికింది, నిజంగా. టమాటా ఆరో రోజు, మిరప పదకొండో రోజు లేచాయి. మొదటి మెడ కనబడగానే కవరు తీసేశాను. యాభై గళ్ళలో మూడు మాత్రమే పడిపోయాయి.

టమాటా 27వ రోజు నాటాను, నిన్న. వారం నుంచి రోజు విడిచి రోజు నీళ్ళు. నిన్న సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టాను. ట్రే గడి అడుగున వేలితో పైకి నొక్కితే మట్టి గడ్డ మొత్తం జున్నుముక్కలా వచ్చింది, చుట్టూ తెల్లటి వేర్లు. మధ్యలో వానలకు ఎండ లేక కొంచెం పొడుగు సాగాయి. వాటిని అడుగు ఆకులు రెండు తుంచి కాండం సగం దాకా మట్టిలోకి దింపాను, ఇక్కడే పాత చర్చలో చదివాను. ఈరోజు మధ్యాహ్నం రెండింటికి ఆఫీసు నుంచి ఫోన్ చేసి మా ఆయన్ని పైకి పంపించాను. "అన్నీ నిలబడే ఉన్నాయి, ఇంక నన్ను పని చేసుకోనీ" అన్నారు.

తోటబడి · జూలై 14, రాత్రి 9:40

చాలా బాగుంది. టమాటా కాండం మట్టిలో ఉన్నంత మేరా వేరు పడుతుంది కాబట్టి సాగిన నారుకు అదే వైద్యం. మిరప, వంగకు మాత్రం అలా చేయకండి, ట్రేలో ఎంత లోతున ఉన్నాయో అంతే. ఇక రెండు వారాల దాకా ఎరువు, జీవామృతం ఏదీ పోయకండి. పక్కన ఊతకర్ర ఇప్పుడే పాతేయండి, తర్వాత పాతితే వేర్లు తెగుతాయి.

పెరటి చిక్కుడు · జూలై 14, రాత్రి 10:02

మీ ఆయన ఫోటో తీశారా లేక మాటేనా? 🙂

ఐదో అంతస్తు · ఆగస్టు 2, సాయంత్రం 4:45

ఫోటో కూడా తీశారు, వేలు అడ్డం పడింది.

మిరప 43వ రోజు నాటాను. పది బ్యాగుల్లో పెట్టుకున్నాను, అన్నీ బాగున్నాయి. ఒకటి ఉడత తవ్వేసింది, మళ్ళీ పెట్టాను. టమాటాలో రెండు మొక్కలకు పూత కనబడుతోంది. ట్రేలో ఇంకా పద్నాలుగు మిరప మొక్కలు మిగిలాయి, పారేయడానికి మనసొప్పడం లేదు. హైదరాబాద్‌లో ఎవరికైనా కావాలా?

వరంగల్ మిర్చి · ఆగస్టు 2, సాయంత్రం 5:20

అక్కా, నాకు నాలుగు పక్కన పెట్టండి. రేపు కూకట్‌పల్లి పని మీద వస్తున్న. మధ్యాహ్నం పన్నెండింటికి మీ వైపు వచ్చి తీసుకుంట. బదులుగా చపాటా గింజలు తెస్త.

ఐదో అంతస్తు · ఆగస్టు 2, సాయంత్రం 5:31

నాలుగేం, ఆరు ఉంచుతాను తమ్ముడూ. కానీ సాయంత్రం ఆరు దాటాక రండి. మధ్యాహ్నం పన్నెండింటికి నా మొక్కల్ని బండి మీద ఎండలో పంపించను.